చక్రాలున్నాయి కదా, కదిలిపో అంటే?

గత నెల డాలస్ నుంచి ఒక స్నేహితుడు ఫోన్ చేశాడు. భార్యాభర్తలిద్దరిదీ వర్క్ ఫ్రమ్ హోమ్. అపార్ట్‌మెంట్ అద్దెలు కట్టీ కట్టీ విసిగిపోయారు. ఒక ఆర్వీ (లోపల కాపురం ఉండటానికి వీలైన చక్రాల బండి) కొనుక్కుని, ఊరికి దూరంగా ఏదైనా క్యాంప్‌గ్రౌండ్‌లో నెలవారీ సైట్ (బండి నిలుపుకునే జాగా) తీసుకుని, రెండు మూడేళ్లు గడిపేద్దామని ఆలోచన. యూట్యూబ్‌లో వీడియోలన్నీ చూసేశాడు. నేను అలాగే ఉంటున్నానని తెలుసు కాబట్టి నన్ను అడిగాడు. చాలాసేపు మాట్లాడుకున్నాక, "ఏముందిరా, నచ్చకపోతే ట్రక్కుకి తగిలించుకుని ఇంకో చోటికి పోవడమే కదా" అన్నాడు.

వాడు మామూలుగానే అన్నాడు. కానీ ఈ మాట నేను పార్క్ మేనేజర్ల నోట విన్నాను, కోర్టు తీర్పులో చదివాను, మా పార్కులో వారాంతం గడపడానికి వచ్చినవాళ్లు అనుకుంటుంటే విన్నాను. సెలవులకి వచ్చినవాళ్ల విషయంలో అది నిజమే. ఏళ్ల తరబడి అక్కడే కాపురం ఉంటున్నవాళ్ల విషయంలో మాత్రం నిజం కాదు. ఆ నిజం కాని మాటని పట్టుకునే వాళ్లకి అద్దెదారుడికుండే రక్షణలు ఇవ్వకుండా తప్పించుకుంటున్నారు. ఒక చోట కొన్ని నెలలు దాటి కాపురం ఉంటే, కింద చక్రాలున్నా లేకపోయినా, దాన్ని ఇల్లుగానే చూడాలని నా అభిప్రాయం. వాడికి ఫోన్‌లో సగమే చెప్పగలిగాను. మిగతాది ఇక్కడ రాస్తున్నాను.

ఇక్కడ ఎవరుంటారు

నేనుండేది కాలిఫోర్నియాలోని కెర్న్ కౌంటీలో, మొహావీ ఎడారి అంచున. పని సోలార్ ప్రాజెక్టులో. 2015లో పూర్తయిన 579 మెగావాట్ల సోలార్ స్టార్ సౌరవిద్యుత్ కేంద్రం ఈ ప్రాంతంలోనే, రోజామండ్ దగ్గర ఉంది. టెహచాపి కొండల మీద వేల గాలిమరలు తిరుగుతుంటాయి. ఇలాంటి ప్రాజెక్టు ఒకటి మొదలైతే వందలమంది పనివాళ్లు దిగుతారు. చుట్టుపక్కల చిన్న ఊళ్లలో అంతమందికి అద్దె ఇళ్లు ఎక్కడి నుంచి వస్తాయి? అందుకే ఆర్వీ పార్కులు నిండిపోతాయి. ఉత్తర డకోటాలో చమురు బూమ్ వచ్చినప్పుడు విల్లిస్టన్‌లో జరిగిందీ, పశ్చిమ టెక్సస్‌లో పేకోస్, మిడ్‌లాండ్ చుట్టూ జరిగిందీ ఇదే.

మా పార్కులో పనివాళ్లు ఒక భాగం మాత్రమే. ఇంకో భాగం పెన్షన్ మీద బతికే పెద్దవాళ్లు. కొందరు ఇల్లు అమ్మేసుకుని వచ్చారు, కొందరు ఇల్లు పోగొట్టుకుని వచ్చారు. చిన్న పిల్లలున్న కుటుంబాలు కూడా ఉన్నాయి. పొద్దున్నే స్కూల్ బస్సు గేటు దగ్గర ఆగుతుంది. శుక్రవారం సాయంత్రం వచ్చి ఆదివారం వెళ్లిపోయే టూరిస్టులకి ముందు వరుస సైట్లు ఇస్తారు. వెనక వరుసల్లో మేముంటాం. బోర్డు మీద మాత్రం అందరికీ కలిపి 'గెస్ట్స్' అని రాసి ఉంటుంది.

నా సంగతి వేరని ముందే చెప్పాలి. మా ఆవిడా పాపా ఫ్రీమాంట్‌లో ఉంటారు. నాకు వెళ్లడానికి ఒక ఇల్లుంది. ప్రాజెక్టు అయిపోతే నేను వెళ్లిపోతాను. మా పక్క సైట్‌లో ఉండే ఆవిడకి అలా వెళ్లడానికి వేరే చోటు లేదు. డెబ్బై దాటిన మనిషి, స్కూల్ బస్సు డ్రైవర్‌గా పనిచేసి రిటైరయ్యారు. పాత ఫిఫ్త్ వీల్ ట్రైలర్‌లో (సొంత ఇంజిన్ లేని, ట్రక్కుకి తగిలించి లాగే ఆర్వీ) ఒంటరిగా ఉంటారు. ఈ వ్యాసంలో ఎక్కువ భాగం ఆవిడ గురించే అనుకోండి.

నేను కొత్తగా వచ్చినప్పుడు నాకు బతుకు నేర్పింది ఆవిడే. మురుగు పైపు భూమిలోని లైనుకి తగిలించి ఉంటుంది కాబట్టి వాల్వ్ తెరిచి ఉంచేస్తే గొడవ ఉండదనుకుంటారు కొత్తవాళ్లు. అదే కొంప ముంచుతుంది. నీళ్లు ఎప్పటికప్పుడు పోతాయి, గట్టిది అడుగున పేరుకుని రాయిలా బిగుసుకుపోతుంది. "ట్యాంకు నిండేదాకా వాల్వ్ మూసే ఉంచు. తర్వాత ఒక్కసారిగా వదులు. ముందు మరుగుదొడ్డి నీళ్లుండే నల్ల ట్యాంకు, తర్వాత స్నానం, సింకు నీళ్లుండే బూడిదరంగు ట్యాంకు. సబ్బునీళ్లు వెనకాల వచ్చి పైపు కడుగుతాయి" అని నిలబడి చేయించారు. కరెంటు సంగతీ అంతే. 30 ఆంప్ కనెక్షన్ అంటే మొత్తం 3,600 వాట్లు. పైన ఏసీ తిరుగుతుండగా మైక్రోవేవ్ పెడితే బ్రేకర్ పడిపోతుంది. జూలైలో బయట 42 డిగ్రీలున్నప్పుడు అది పడిపోతే, పల్చటి గోడల మధ్య గది కాసేపట్లోనే కుంపటైపోతుంది. శీతాకాలం రాత్రుళ్లు నీళ్ల గొట్టం గడ్డకడుతుంది, దానికి హీటర్ తీగ చుట్టాలి. కుక్కర్ నాలుగు విజిళ్లు వచ్చేసరికి కిటికీ అద్దాల మీద నీళ్లు కారతాయి, తుడవకపోతే పరుపు కింద బూజు. ఎడారి గాలి లేచిందంటే బండి మొత్తం ఊగుతుంది. అమ్మతో ఫోన్‌లో మాట్లాడుతుంటే, "ఆ చప్పుడేమిట్రా, రైల్లో ఉన్నావా?" అంటుంది.

ఇవన్నీ కష్టాలని చెప్పుకోవడానికి రాయలేదు. రాత్రిపూట ఇక్కడ ఆకాశం చూస్తే ఫ్రీమాంట్ వెళ్లబుద్ధి కాదు. ఎవరి జనరేటర్ పాడైనా పది మంది వస్తారు. ఇంత అలవాటు, ఇంత పనితనం, ఇంత ఇరుగుపొరుగు ఉన్నచోట జరుగుతున్నది కాపురమే, క్యాంపింగ్ కాదు. అది అర్థం కావాలనే ఇంత చెప్పాను.

కదలడం అనేది

ఇప్పుడు కదిలిపోవడం సంగతి చూద్దాం. ఫిఫ్త్ వీల్‌ని లాగాలంటే మామూలు కారు పనికిరాదు, బరువైన పికప్ ట్రక్ కావాలి. మా పక్కావిడ ఆ ట్రక్కుని ఎప్పుడో అమ్మేసి చిన్న కారు కొనుక్కున్నారు, ఆస్పత్రికీ సరుకులకీ అది చాలు. ట్రైలర్ టైర్లు తిరక్కపోయినా పాడవుతాయి. ఎండకి పక్కలు పగుళ్లిస్తాయి, హైవే ఎక్కితే పేలిపోతాయి. అన్నీ మార్చి, ఎవరినో కుదుర్చుకుని లాగించుకున్నా, ఎక్కడికి? చాలా పార్కుల్లో పదేళ్ల నియమం ఉంటుంది. బండి వయసు పదేళ్లు దాటితే సైట్ ఇవ్వరు, లేదా ఫొటోలు పంపమని, చూసి కాదంటారు. ఉన్న చోట ఉన్నంతకాలం అది ఆవిడ ఇల్లు. గేటు దాటిన మరుక్షణం ఎవరూ రానివ్వని పాత ఇనుము.

నిజంగా కదిలేవాళ్ల కోసం పెట్టిన ఏర్పాటు ఎలా ఉంటుందో చూడాలంటే అరిజోనాలోని క్వార్ట్‌జైట్ వెళ్లాలి. అక్కడ కేంద్రప్రభుత్వ భూముల్లో 1983 నుంచి దీర్ఘకాల విడిది ప్రాంతాలు నడుస్తున్నాయి. సెప్టెంబర్ 15 నుంచి ఏప్రిల్ 15 వరకు ఒక సీజన్. చాలాకాలం దానికి రుసుము 180 డాలర్లే ఉండేది. చలికి కెనడా నుంచీ మిన్నెసోటా నుంచీ దిగొచ్చే పెద్దవాళ్లు ఏడు నెలలు ఉండి వెళ్లిపోతారు. మామూలు ప్రభుత్వ భూమిలోనైతే 14 రోజులు దాటాక జరగాలి. గడువు ముందే తెలుసు, ఎవరినీ మభ్యపెట్టడం లేదు. దాంతో నాకు పేచీ లేదు. పేచీ ఎక్కడంటే, నెలనెలా అద్దె తీసుకుంటూ, ఏళ్ల తరబడి ఉండనిచ్చి, వాళ్లు వేరే దారి లేనంతగా అక్కడే స్థిరపడ్డాక, 'మీరు అతిథులు కదా' అనడం దగ్గర.

ఒకే బండి, నాలుగు లెక్కలు

ఒకరోజు సాయంత్రం కుతూహలం కొద్దీ మొదలుపెట్టి ఈ దేశపు చట్టాలు ఆర్వీని ఏమంటున్నాయో చదువుతూ పోయాను. కోపమొచ్చింది.

పన్ను అధికారుల దగ్గర అది ఇల్లే. పడుకోవడానికి చోటు, వంటకి వసతి, మరుగుదొడ్డి ఉంటే చాలు, దాని మీద తీసుకున్న అప్పు వడ్డీని ఇంటిరుణం వడ్డీలాగే మినహాయింపు కింద చూపించుకోవచ్చు. అంటే కొత్తది, ఖరీదైనది అప్పు మీద కొన్నవాడికి ఇల్లు. పాతది నగదుకి కొనుక్కున్న మా పక్కావిడకి ఆ ఇల్లుతనం వల్ల పైసా లాభం లేదు.

పిల్లల చదువుకి సంబంధించిన మెక్‌కిన్నీ-వెంటో చట్టంలో, వేరే సరైన వసతి లేక క్యాంప్‌గ్రౌండ్‌లో ఉంటున్న పిల్లలు ఇల్లు లేనివాళ్ల లెక్కలోకి వస్తారు. ఆ చట్టాన్ని తప్పుపట్టను. దానివల్లే కాగితాలు సరిగా లేకపోయినా ఆ పిల్లల్ని బడిలో చేర్చుకోక తప్పదు, గేటు దాకా బస్సు వస్తుంది. కానీ తండ్రి పన్ను కాగితాల్లో ఇల్లయ్యే వీలున్న బండే పిల్లవాడి స్కూలు కాగితాల్లో ఇల్లు లేకపోవడం అవుతుంది.

పోలీసులకి అది బండి. 1985లో 'కాలిఫోర్నియా వర్సెస్ కార్నీ' కేసులో అమెరికా సుప్రీంకోర్టు, శాన్‌డియేగో నడిబొడ్డున పార్కింగ్‌లో ఆగి ఉన్న మోటార్‌హోమ్‌ని (సొంత ఇంజిన్ ఉన్న ఆర్వీని) వారెంటు లేకుండా సోదా చేయడం తప్పు కాదంది. అది ఇట్టే కదిలిపోగలదన్నది ఒక ముఖ్య కారణం. ఆరుగురు న్యాయమూర్తులు అటు, ముగ్గురు ఇటు. అయితే ఆ తీర్పులో అడుగున ఒక చిన్న నోట్ ఉంది. నాకు తీర్పు కన్నా అదే ముఖ్యమనిపించింది. ఇల్లుగా వాడుతున్నట్టు స్పష్టంగా కనబడే చోట నిలిపిన మోటార్‌హోమ్ సంగతి ఇప్పుడు తేల్చడం లేదని కోర్టు అక్కడ చెప్పింది. ఏం చూసి తేల్చుకోవచ్చో కూడా రాసింది: ఎక్కడ నిలిపారు, దిమ్మల మీద ఎత్తి ఉంచారా, రిజిస్ట్రేషన్ ఉందా, కరెంటు నీళ్ల కనెక్షన్లు ఉన్నాయా, రోడ్డెక్కడానికి సులువుగా దారుందా. మా వెనక వరుసలో నడుచుకుంటూ వెళ్తే ఆ నోట్‌లో రాసిందంతా కళ్లముందు కనబడుతుంది. చక్రాల మధ్య చెక్క దిమ్మలు, చుట్టూ గాలి దూరకుండా కట్టిన స్కర్టింగ్, మెట్లు, మెట్ల పక్కన కుండీల్లో టమోటా మొక్కలు.

నాలుగోది పార్కు లెక్క. వాళ్లకి మనిషి గెస్ట్, నేల సైట్. కానీ అద్దె మాత్రం నెలవారీ.

2021లో వాషింగ్టన్ రాష్ట్ర సుప్రీంకోర్టు ఒక మంచి దారి చూపించింది. సియాటిల్‌లో స్టీవెన్ లాంగ్ అనే వ్యక్తి తన పికప్ ట్రక్కులోనే ఉండేవాడు. నగరంవాళ్లు దాన్ని ఎత్తుకుపోయి దాదాపు 550 డాలర్లు కట్టమన్నారు. మనిషి నివాసంగా ఉంటున్న ఆ ట్రక్కు హోమ్‌స్టెడ్ చట్టం (మనిషి నివాసాన్ని బాకీల కింద పోకుండా కాపాడే చట్టం) కింద అతని ఇల్లేనని, అతని స్థోమత చూడకుండా అంత సొమ్ము కట్టమనడం మితిమీరిన శిక్ష అని కోర్టు తేల్చింది. ఆ తీర్పు చూసింది మనిషి ఎలా బతుకుతున్నాడన్నదే. నేననేదీ అదే.

ఎదుటివాళ్ల మాటలో నిజం

పార్కు యజమానుల వాదన తేలిగ్గా కొట్టేసేది కాదు. నేను దాని గురించి చాలా ఆలోచించాను. అపార్ట్‌మెంట్‌లో చేరాలంటే క్రెడిట్ స్కోర్ కావాలి, అద్దెకి మూడింతల జీతం చూపించాలి, అడ్వాన్సు కట్టాలి. ఇక్కడ అవేవీ లేకుండా ఆ రాత్రికే సైట్ ఇస్తారు. ఎందుకివ్వగలుగుతున్నారు? తేడా వస్తే పంపించేయడం సులువు కాబట్టి. ఖాళీ చేయించడం కష్టమయ్యేలా చట్టం తెస్తే, వాళ్లు కూడా స్కోర్లు అడుగుతారు, లేదా నెలవారీ సైట్లే ఎత్తేసి టూరిస్టులకే ఇస్తారు. అప్పుడు మా పక్కావిడలాంటి మనిషికి మొదటి రోజే తలుపు మూసుకుపోతుంది. ఈ భయం ఉత్తిది కాదు. గ్రామీణ పార్కుల్లో సెప్టిక్ ట్యాంకులు సెలవురోజుల రద్దీకని కట్టినవి, ఏడాది పొడుగునా ఇన్ని కాపురాల మురుగు మోయడానికి కట్టినవి కావు. దాన్ని పెంచాలంటే యజమానికి ఖర్చు, ఆ ఖర్చు చివరికి అద్దెలోకే వస్తుంది.

ఇంకోటి, వరద. ఇది నన్ను అన్నిటికన్నా ఇబ్బంది పెట్టిన విషయం. వరద ముప్పు ప్రాంతాల్లో ఆర్వీ ఒకే చోట వరసగా 180 రోజుల లోపే ఉండాలి, లేదంటే రిజిస్ట్రేషన్‌తో ఎప్పుడంటే అప్పుడు రోడ్డెక్కేలా ఉండాలి, అదీ కాకపోతే ఫ్యాక్టరీలో తయారై వచ్చే ఇళ్లలాగా ఎత్తు మీద బిగించి ఉండాలని కేంద్ర వరద బీమా నియమాల్లో ఉంది. శాశ్వతంగా బిగించిన వరండాలుంటే అది రోడ్డెక్కే బండి లెక్కలోకి రాదు. మొదట చదివినప్పుడు ఇదీ పేదవాళ్లని తరిమేందుకే అనుకున్నాను. 2025 జూలై 4న టెక్సస్‌లో గ్వాడలూపె నది పొంగి వందమందికి పైగా చనిపోయారు. కెర్ కౌంటీలో నది ఒడ్డునున్న ఆర్వీ పార్కులు మనుషులతో సహా కొట్టుకుపోయాయి. తెల్లవారుజామున, అందరూ నిద్రలో ఉండగా. ఆ దృశ్యాలు చూశాక ఆ నియమం మీద నా కోపం చల్లారింది. నది ఒడ్డున కాపురాలు ఉండకూడదు, అంతే. అక్కడ హక్కులిచ్చి స్థిరపరచడం మేలు చేయడం కాదు. కానీ మా ఎడారిలో, ఏ నదీ లేనిచోట, ఏళ్ల తరబడి ఉంటున్న మనిషిని అతిథి అనడానికి ఈ కారణం పనికిరాదు.

స్వేచ్ఛ కోసమే వచ్చాం, ఈ హక్కులూ కాగితాలూ మాకొద్దు అనే పొరుగువాళ్లూ ఉన్నారు. మా వరుసలో ఒకాయన క్రేన్ ఆపరేటర్, సగం దేశం తిరిగాడు. ఆయనతో వాదించను. ఆయనకి పెద్ద ట్రక్కుంది, కొత్త ట్రైలర్ ఉంది, చేతిలో పనితనం ఉంది. ఆయన నిజంగానే రేపు వెళ్లిపోగలడు. చట్టం ఇచ్చే రక్షణ ఆయన వాడుకోకపోతే ఆయనకి నష్టమేమీ లేదు.

నోటీసు

కిందటేడు మా పార్కు చేతులు మారింది. కొత్తవాళ్లు రాగానే ముందు వరుసలో పామ్ చెట్లు నాటారు, వైఫై బాగు చేయించారు. తర్వాత వెనక వరుసలో పాత బండ్లన్నిటి తలుపులకీ కాగితాలు అంటించారు. పదేళ్లు దాటిన బండ్లని ఇకపై అనుమతించరట, 30 రోజుల్లో ఖాళీ చేయాలట. అడగడానికి వెళ్లినవాళ్లతో మేనేజర్ మర్యాదగానే మాట్లాడాడు. "మీవి చక్రాలున్న ఇళ్లే కదా, మిమ్మల్ని ఇల్లు వదిలి పొమ్మనడం లేదు, ఇంటితో సహా వెళ్లమంటున్నాం" అన్నాడు.

ఆ రాత్రి పక్కావిడ తలుపు కొట్టి లోపలికి వెళ్తే, ఆవిడ బల్ల మీద బిస్కెట్ డబ్బా తెరిచి పెట్టుకుని కూర్చున్నారు. అందులో నెలనెలా అద్దె రసీదులు, ఏడాదికొక రబ్బరు బ్యాండుతో కట్టినవి. కొన్నిటి మీద ఇంకు వెలిసిపోయింది. ఎందుకు దాచారని అడిగితే, బస్సు నడిపిన ఉద్యోగంలో ప్రతి కాగితం దాచడం అలవాటైందని అన్నారు. ఆ రసీదులే ఆవిడని నిలబెట్టాయి.

ఎందుకంటే కాలిఫోర్నియాలో ఆర్వీ పార్కులకి విడిగా చట్టం ఉంది. 30 రోజుల లోపు ఉంటే ఒక లెక్క, 30 రోజులు దాటితే టెనెంట్, 9 నెలలు నిండితే రెసిడెంట్. రెసిడెంట్‌ని ఊరికే పొమ్మనడానికి లేదు. చట్టంలో రాసిన కారణాల్లో ఒకటి చూపించాలి, మామూలుగా 60 రోజుల నోటీసివ్వాలి. ఈ 9 నెలలు నిండనివ్వకుండా కొన్ని పార్కులు మనుషుల్ని మధ్యలో బయటికి పంపి, మళ్లీ కొత్తగా చేర్చుకున్నట్టు రాయించుకునేవి. హక్కు రాకుండా చేయడానికి అలా తిరిగి రిజిస్టర్ చేయించకూడదని 2024 జనవరి నుంచి చట్టం వచ్చింది. ఇవన్నీ నాకు ముందు తెలియవు. బేకర్స్‌ఫీల్డ్‌లో ఉచిత న్యాయసహాయం చేసే లాయరొకామె ఫోన్‌లో ఓపిగ్గా చెప్పింది. మొదట అడిగిన ప్రశ్న, "ఎంతకాలంగా ఉంటున్నారో రుజువుందా?" అని. డబ్బా పట్టుకుని వెళ్లాం. ఆమె ఒక ఉత్తరం రాసింది. కొన్ని వారాల తర్వాత పక్కావిడ తలుపు మీది నోటీసు వెనక్కి తీసుకున్నట్టు ఇంకో కాగితం వచ్చింది.

అదే రోజు నోటీసు అందుకున్న ఇంకో కుటుంబానికి ఆ అదృష్టం లేదు. వాళ్లు వచ్చి అప్పటికి 9 నెలలు కాలేదు, అద్దె నగదుగా కట్టేవాళ్లు, రసీదులు అడగలేదు. ఇద్దరు పిల్లలు. ఒక ఆదివారం పొద్దున ఎవరిదో ట్రక్కు తెచ్చి తగిలించుకుని వెళ్లిపోయారు. వాళ్ల సైట్ ఇప్పుడు రోజువారీ లెక్కలో నడుస్తోంది.

అందుకే కాలిఫోర్నియా చట్టంలో కాలాన్ని బట్టి హక్కు పెరిగే పద్ధతి నాకు సబబుగా తోస్తుంది. మొదటి రోజే పూర్తి హక్కులివ్వరు కాబట్టి యజమాని తలుపు తెరిచి ఉంచగలడు. అతని భయానికి అది జవాబు. ఏళ్లు ఉన్నవాడిని కారణం లేకుండా కదపలేడు కాబట్టి వీళ్లకీ నిద్ర పడుతుంది. అయితే 9 నెలలు ఎక్కువ. స్కూలు సంవత్సరం మధ్యలో పిల్లల్ని కదపకుండా ఉండాలంటే ఆరు నెలలు సరిపోవాలి. రసీదివ్వడం యజమాని బాధ్యత కావాలి, అడగడం అద్దెదారు తెలివితేటల మీద ఆధారపడకూడదు. పార్కు అమ్మేసినా, బండి పాతదన్న సాకుతో పంపించినా, లాగించే ఖర్చూ టైర్ల ఖర్చూ పంపినవాళ్లే భరించాలి. చక్రాలున్నాయి కదా అనేవాళ్లు ఆ చక్రాలు తిరగడానికయ్యే డబ్బు కూడా ఇవ్వాలి కదా.

మా స్నేహితుడికి వద్దని చెప్పలేదు. వాళ్లిద్దరికీ జీతాలున్నాయి, వయసుంది, కొత్త బండి కొంటారు, బాగానే ఉంటారు. టెక్సస్‌లో నెలవారీ సైట్ మీద సంతకం పెట్టే ముందు అక్కడి చట్టం చదవమన్నాను, రాతపూర్వకంగా లీజు అడగమన్నాను, పార్కు నదికి ఎంత దూరంలో ఉందో వరద మ్యాపులో చూసుకోమన్నాను. వాల్వ్ సంగతీ చెప్పాను. పక్కావిడ అద్దె ఈ మార్చి నుంచి పెరిగింది. దాని మీద లాయరమ్మని మళ్లీ అడగాలి, వచ్చే వారం అపాయింట్‌మెంట్ ఉంది.